ఆవకాయ జాడీలో మాలచ్చి పిల్లలు

కనకరత్నం ఆ గుడ్లకి బొట్టు పెట్టింది భక్తితో కాదు, భయంతో. భయానికి ముందు కోపం. కోపానికి కారణం జాడీ.

వైశాఖమాసంలో ఆవకాయ జాడీ జోలికి పోయిన మగవాడు ఏ ఇంట్లోనూ సుఖపడలేదు. కనకరత్నం మొగుడు పెద్దింటయ్య ఆ జోలికి పోయాడు. ఉండి ఊరినుంచి పుట్టింటివాళ్ళు గడ్డిలో చుట్టి పడవమీద పంపిన జాడీ అది. మూతి వెడల్పు, పొట్ట ఇంకా వెడల్పు. దాన్ని కడిగి, ఎండబెట్టి, పొడిగుడ్డతో తుడిచి, కాయలు కొట్టించుకు రావడానికి కనకరత్నం బజారుకి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి జాడీలో ఇసుక ఉంది. ఇసుకమీద పన్నెండు తెల్లటి గుడ్లున్నాయి. పక్కనే పెద్దింటయ్య చేతులు కట్టుకుని, పెళ్ళిపీటల దగ్గర ఆడపిల్ల తండ్రిలా నిలబడి ఉన్నాడు.

"కోప్పడకే రత్నం. మాలచ్చి గుడ్లు పెట్టింది," అన్నాడు.

మాలచ్చి ఆయన పెంచుకునే జెర్రిపోతు. ఏలూరు కాలవ లాకుల దగ్గర ఎవరినడిగినా జెర్రిపోతన్నది మగజాతే అని చెప్తారు. దానికి జోడీ నాగుపాము అని కూడా చెప్తారు. అటువంటిది గుడ్లు పెట్టడమేమిటని ఆయనతోపాటు లాకు చక్రం తిప్పే లస్కరు అబ్బులు రెండు రోజులపాటు పొట్ట పట్టుకుని నవ్వాడు. పెద్దింటయ్యకి మాత్రం ఇది మూడోసారి. మొదటి రెండేళ్ళూ అది పెట్టిన గుడ్లు కుళ్ళాయి, కాలవలో కలిశాయి. కోడిపెట్ట తన గుడ్లని ముక్కుతో పొర్లించినట్టే ఆయన కూడా రోజుకి రెండుసార్లు ఒక్కొక్క గుడ్డునీ జాగ్రత్తగా ఇటునుంచి అటు తిప్పేవాడు. అంత శ్రద్ధ పెట్టినా ఎందుకు బతకలేదో ఆయనకి అర్థం కాలేదు.

ఆ పూట కనకరత్నం నోటికి అడ్డూ ఆపూ లేకపోయింది. ఈ ఇంట్లో నేనన్నా ఉండాలి, ఈ పురుగూ పుట్రా అన్నా ఉండాలి అంది. గుడ్లని కూడా విడిచిపెట్టలేదు, వాటి మొహం మండ అంది. సాయంత్రానికి పొయ్యిమీద పాలు విరిగాయి. తెల్లారేసరికి కుడికన్ను అదరడం మొదలైంది. ఎంత కాదన్నా అవి పాముజాతి. శుక్రవారం పొద్దున్నే తలంటి పోసుకుని, కుంకుమ భరిణె పట్టుకెళ్ళి, పన్నెండింటికీ పన్నెండు బొట్లు పెట్టి, తప్పయిపోయిందని లెంపలేసుకుంది.

అలవాటు ప్రకారం పెద్దింటయ్య గుడ్లు తిప్పడానికి వచ్చాడు.

"చెయ్యి తియ్యండి," అంది కనకరత్నం. "బొట్టు కిందికి పోతుంది."

ఆయన నవ్వబోయాడు. ఆవిడ మొహం చూసి మానేశాడు. ఆవకాయ పోగొట్టిన మనిషికి ఆ మాత్రం భయం ఉండాలి గదా. అప్పటినుంచి వాటిని ఎవరూ కదపలేదు. బొట్లు చెరిగిపోతుంటే ప్రతి శుక్రవారం ఆవిడే మళ్ళీ పెట్టేది. పెడుతూ పెడుతూ ఒకసారి ఇసుక తాకి చూసింది. పెనంలా ఉంది.

"ఈ ఇసకలో అప్పడాలు వేగుతాయి గానీ పిల్లలెక్కణ్ణించొస్తాయి?" అని గొణుక్కుంటూ, పెట్టిన బొట్టు పైనే ఉండేలా ఒక్కొక్క గుడ్డునీ చేటలోకి దించి, ఇసుక పారబోసి, జాడీలో ఊకా తడిగడ్డీ పరిచి, మళ్ళీ అలాగే పేర్చింది. ఉండిలో వాళ్ళ నాన్న వరి విత్తనాలు నానబెట్టి, మొలకెత్తడానికి గడ్డి కప్పి మండె కట్టేవాడు. మండెలోకి చెయ్యి దూర్చి, వేడెక్కువైతే నీళ్ళు చిలకరించడం, చల్లబడితే గడ్డి కప్పడం కనకరత్నం చిన్ననాటి పని. చేతికి గుర్తుంది. రోజుకోసారి ఆ చెయ్యి జాడీలోకి వెళ్ళడం మొదలుపెట్టింది. గుడ్లని మాత్రం కదిపేది కాదు. పాముని తాకడం అసలు ప్రశ్నే లేదు. పద్దెనిమిదేళ్ళ కాపరంలో తాకలేదు, ఇక తాకబోదు.

ఆషాఢం వచ్చింది. కాలవలకి నీళ్ళు వదిలి నెల దాటింది. గురువారం పొద్దున్న అబ్బులు ఒక కాగితం తెచ్చి ఇచ్చాడు. ఇచ్చి వెంటనే వెళ్ళిపోకుండా అరుగు చివర కూర్చున్నాడు. అంటే అది మంచి కాగితం కాదు.

పెద్దింటయ్య కూడబలుక్కుని చదివాడు. లాకు క్వార్టరులో విషజంతువులను పెంచుచున్నట్లు ఫిర్యాదు అందినదనీ, సోమవారం ఓవర్సీరు తనిఖీకి వచ్చునాటికి ఒక్క పాము గానీ, పాము గుడ్డు గానీ కనపడిన ఎడల వాటిని అక్కడికక్కడే చంపించి, క్వార్టరు ఖాళీ చేయించబడుననీ ఉంది. చదివి, కాగితాన్ని మోకాలిమీద పెట్టుకుని చాలాసేపు చూశాడు.

"మాలచ్చికి విషమెక్కడుందే?" అన్నాడు చివరికి.

ఇన్నాళ్ళూ కనకరత్నం కోరుకున్నది ఇదే. పాములు పోవాలి, ఇల్లు ఇల్లులా ఉండాలి. ఆ మాట సర్కారే చెప్తుంటే సంతోషం ఎందుకు కలగడం లేదో ఆవిడకి తెలియలేదు. అబ్బులు మిగతాది చెప్పాక తెలిసింది. ఓవర్సీరుగారి బావమరిది బుల్లిరాజుకి లాకాఫీసులో గుమాస్తా పని అయిందట. నిన్న సాయంత్రం ఎవరూ లేనప్పుడు వచ్చి కిటికీలోంచి తొంగి చూశాడట. తూర్పుగదిలో పందిరిమంచం పడుతుందా, వంటగదికి సున్నం ఎవరు వేయిస్తారు అని అబ్బులుని అడిగాడట.

"ఫిర్యాదు ఎవరిచ్చేరంటావు?" అని అడిగింది.

"అడక్కండమ్మా," అన్నాడు అబ్బులు. "మీకు తెలీదా?"

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. పోయిన కార్తీకంలో ఓవర్సీరుగారి స్నానాలగదిలో నాగుపాము దూరితే, సగం తడిసిన పంచెతో ఆయన వీధిలో నిలబడి కబురు పెట్టింది ఎవరికి? అన్నం ముందునుంచి లేచి వెళ్ళి, ఆ పాముని బుట్టలో పెట్టుకుని వట్లూరు దాటి పొలాల్లో వదిలొచ్చింది ఎవరు? అప్పుడు పెద్దింటయ్య దేవుడు. ఇప్పుడు విషజంతువుల మనిషి. ఏరు దాటాక తెప్ప తగలేయడమంటే ఇదే.

శుక్రవారం మధ్యాహ్నం తివాచీలు నేసే ఇనాయతుల్లా జట్కా తీసుకుని వచ్చాడు. ఊళ్ళో పెద్దింటయ్య జబ్బు అంటుకున్న మనిషి ఆయనొక్కడే. మగ్గం కింద నాలుగు తాబేళ్ళు పెంచుతాడు. అవి ఉన్ని నమిలినా ఏమీ అనడు. తన పెరట్లో అన్నిటికీ చోటుందని చెప్పాడు. ఆయన భార్య సైదాబీగారు ఏమంటారోనని కనకరత్నం మొహమాటపడితే ఆయన నవ్వాడు.

"మీరేమంటారో ఆవిడా అదే అంటుందమ్మా. అని, ఊరుకుంటుంది."

పెద్దింటయ్య ఒక్కొక్కటే తెచ్చి బండిలో పెట్టాడు. ఆ సంసారమంతా బయటికి వస్తుంటే అసలు ఇదంతా ఎలా పోగయిందా అని కనకరత్నం చూస్తూ నిలబడింది. మొదట ఒక్క తాబేలు. ఎవరి వలలోనో పడితే చంపుతారని తెచ్చాడు. దానికి తోడని ఇంకోటి. వాటికి నీళ్ళుండాలని గోలెం. గోలెంలో కప్పలు చేరాయి గనక, కప్పలున్నాయి గదా అని కొల్లేటి లంకనుంచి రెండు నీటిపాములు. కాలు విరిగిందని ఉడుము. మేనల్లుడికి పిల్లని చూడటానికి తాడేపల్లిగూడెం వెళ్ళి, తువ్వాల్లో ఇసకపాముని చుట్టుకొచ్చాడు. పిల్ల ఎలా ఉందండీ అంటే, నున్నగా ఉంది, తోక మాత్రం మొండి అన్నాడు. ఆయన జీతంలో పప్పుకి ఎంతో ఎలకలకి అంత. చుట్టాలింటికి వెళ్తే రెండో రోజుకే ముళ్ళమీద ఉన్నట్టుండేవాడు. ఒకటి పట్టుకుంటే వదలని మనిషి. అటువంటివాడు ఇవాళ అన్నిటినీ వదిలేస్తున్నాడు. మాలచ్చి పెట్టె ఎక్కించేటప్పుడు జల్లెడ తీగలోంచి వేలు పోనిచ్చి దాని తల నిమిరాడు. ఆయన కళ్ళు చూడలేక కనకరత్నం బండి చక్రం వైపు చూసింది.

ఆఖర్న ఆయన జాడీ ఎత్తబోయాడు.

"అది ఉంచండి," అంది.

గుడ్లు నిన్నటికీ ఇవాళ్టికీ మారాయి. బిగువు తగ్గి అక్కడక్కడ సొట్టలు పడ్డాయి, పైన సన్నగా చెమట పట్టింది. ఎండిపోతున్నాయేమోనని పెద్దింటయ్య బెంగ. ఎండేదానికి చెమటెలా పడుతుందని కనకరత్నం వాదన. మండెలో చెయ్యి పెడితే మొలక పగిలే ముందురోజు ఎలా ఉంటుందో ఇప్పుడు జాడీలో అలాగే ఉంది.

ఇక్కడుంటే సోమవారం పగలగొడతారు గదా, ఇంటికీ ముప్పే గదా, పైపెచ్చు మూడుమైళ్ళేగా అన్నాడు పెద్దింటయ్య.

"నెలలు నిండిన మనిషిని జట్కా ఎక్కిస్తారా అన్నయ్యగారూ ఎవరైనా?" అని ఆవిడ ఇనాయతుల్లానే అడిగింది.

ఆయన కంకర రోడ్డు వైపు చూశాడు, జట్కా చక్రాల వైపు చూశాడు, తల అడ్డంగా ఊపాడు. బండి కదిలింది. గోలెంలో నీళ్ళు మాత్రం మిగిలాయి.

శనివారం ఇల్లు బోసిపోయింది. పెద్దింటయ్య పడవకీ పడవకీ మధ్య వచ్చి జాడీ దగ్గర గొంతుక్కూర్చునేవాడు. సాయంత్రం అలా కూర్చుని ఉన్నట్టుండి అన్నాడు.

"రెండేళ్ళూ ఊక లేదు, గడ్డి లేదు, అది నా బుద్ధితక్కువ. కానీ ఇసకలోనూ కొన్నాళ్ళు బాగానే ఉండేవే. తిప్పిన కొద్దీ పాడయ్యేవి. ఈసారి నువ్వు బొట్టెట్టి తిప్పనివ్వలేదు. కోడికి సరిపడింది వీటికి సరిపడదేమోనే. నా చేతులే చంపేయన్నమాట."

ఆయనకి ఇష్టమైన చేపలపులుసు పొయ్యిమీద ఉంది. కనకరత్నం వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. లోపల ఒక గుడ్డు సొట్ట మెల్లగా పైకి లేచి మళ్ళీ దిగింది. ఇద్దరూ చూశారు. ఊపిరి బిగబట్టి మళ్ళీ కదులుతుందేమోనని చూశారు. పులుసు అడుగంటిన వాసన వీధిదాకా వెళ్ళాక గానీ ఆవిడ లేవలేదు. పద్దెనిమిదేళ్ళలో ఆవిడ చేతిమీదుగా పులుసు మాడటం అదే మొదలు. పెద్దింటయ్య ఆ మాట పైకి అనకుండా మాడినదే తిన్నాడు.

ఆదివారం ఏమీ కాలేదు. సోమవారం తెల్లారింది.

ఓవర్సీరు పదిగంటలకి వస్తాడని కబురు. తొమ్మిదిన్నరకి ఉప్పు పడవలు మూడు ఒకదాని వెనక ఒకటి లాకు ముందు ఆగాయి. పడవ లాకు లోపల ఉండగా లస్కరు చక్రం వదిలి రాకూడదు. వదిలితే ఉద్యోగానికే ఎసరు. ఆ సంగతి తెలిసే ఓవర్సీరు పదిగంటలన్నాడేమో దేవుడికెరుక. పెద్దింటయ్య గుమ్మందాకా వెళ్ళి వెనక్కి చూశాడు.

"మీరెళ్ళండి. నేనున్నాను గదా," అంది కనకరత్నం.

ఆయన అటు వెళ్ళాడు. ఇటు జాడీలో, కిటికీలోంచి పడుతున్న ఎండలో, గోడవైపున్న గుడ్డుమీద బొట్టు పక్కనే కత్తితో గీసినట్టు చిన్న గాటు పడింది. గాటులోంచి నీటిబొట్టు. దాని వెనక, వేపగింజంత తల. నాలిక ఒక్కసారి బయటికి వచ్చి, ఈ లోకం వాసన చూసి, లోపలికి పోయింది. కనకరత్నం ఆయన్ని పిలుద్దామని నోరు తెరిచింది, మళ్ళీ మూసుకుంది. చక్రం కిర్రుమంటోంది. ఇంకో గుడ్డు చీలింది. తర్వాత ఇంకోటి. ఆవిడకి ఏడుపొచ్చింది. పిచ్చిదానిలా నవ్వింది కూడా.

మొదట పుట్టిన పిల్ల తొందరది. గుడ్డు వదిలి, గడ్డిమీదుగా పైకి పాకి, జాడీ అంచుమీద మెడ వేలాడేసింది. అవతల గచ్చు. గచ్చుమీద పడితే ఏమైనా అవుతుందని కనకరత్నం ఆలోచించలేదు, పద్దెనిమిదేళ్ళ పంతమూ గుర్తు రాలేదు. చెయ్యి దానంతట అదే ముందుకెళ్ళింది. జానెడు చల్లటి ప్రాణం అరచేతిలోకి జారింది. సరిగ్గా అప్పుడే గుమ్మం బయట దగ్గు వినబడింది. ఏం చెయ్యాలో తోచక ఆవిడ దాన్ని చీర చెంగులో చుట్టి, ఆ చెంగుని గుప్పిట్లో పట్టుకుని, నడుముకి ఆనించుకుని నిలబడింది.

ఓవర్సీరు, వెనక కర్ర పట్టుకుని అబ్బులు, ఆ వెనక అత్తరు వాసనతో బుల్లిరాజు. బుల్లిరాజు జేబులో కొలతల టేపు ఉంది.

"పెట్టెలన్నీ పోయేయి. సంతోషం," అన్నాడు ఓవర్సీరు గదులన్నీ చూసి. "ఆ జాడీలో ఏమిటమ్మా?"

"గుడ్లండి."

అంతకుమించి ఆయనకి కావలసిందేమీ లేదు. గుడ్డున్నా అంతే అని కాగితంలో రాశాం గదా అని, అబ్బులుకి సైగ చేశాడు. అబ్బులు కర్ర ఎత్తి జాడీ దగ్గరికి వెళ్ళాడు. వంగి లోపలికి చూశాడు. కర్ర ఎత్తినది ఎత్తినట్టే ఉండిపోయింది. తర్వాత దాన్ని మెల్లగా దించి, గోడకి చేరేసి, చేతులు రెండూ పంచెకి తుడుచుకున్నాడు.

"నావల్ల కాదండి. బొట్టెట్టేరండి," అన్నాడు. "బొట్టెట్టిన దానిమీద చెయ్యెత్తితే నా పిల్లాపాపా బతకాలా అండి? పైగా పుడుతున్నాయండి."

ఇది పద్ధతి కాదన్నాడు ఓవర్సీరు. ఎవరూ కదలకపోయేసరికి తనే కర్ర అందుకున్నాడు. అందుకుని జాడీలోకి వంగాడు. అలాగే ఉన్నాడు. ఏడు తలలు బయటున్నాయి. ఎనిమిదో గుడ్డు ఆయన చూస్తుండగా చీలింది. చీలికలోంచి పిల్ల ఆయన మొహంలోకి చూసింది. కనకరత్నం ఆయన మెడమీద చెమట చూసింది, కర్ర పట్టుకున్న పట్టు సడలడం చూసింది. ఆవిడకి తెలుసు. శనివారం సాయంత్రం ఆవిడ పులుసు మాడ్చింది దీనికే.

"ఇవి... పుట్టగానే ఏం తింటాయమ్మా?" అన్నాడు ఓవర్సీరు. గొంతులో సర్కారు లేదు.

చిన్న చిన్న కప్పపిల్లల్ని తింటాయండీ అని చెప్పింది. ఆయన మోకాళ్ళు పట్టుకుని జాడీ పక్కన గొంతుక్కూర్చున్నాడు. ఎంతసేపు గడిచిందో ఎవరూ చూసుకోలేదు. తొమ్మిదీ, పదీ, పదకొండూ కూడా బయటపడ్డాయి.

గుమ్మం దాటి లోపలికి రాని మనిషి బుల్లిరాజు ఒక్కడే. బావగారు అలా కూలబడటం చూసి ఆయనకి ఏదో అనుమానం వచ్చింది.

"మొత్తం ఎన్ని గుడ్లండీ?" అని అడిగాడు.

"పన్నెండండి."

"పిల్లలెన్నున్నాయి?"

కనకరత్నం జాడీలోకి చూసి, తాపీగా లెక్కపెట్టింది.

"జాడీలో పదకొండున్నాయండి."

"మరి పన్నెండోది?"

"గుడ్డు చీల్చుకుని బయటికొచ్చేసిందండి," అంది కనకరత్నం. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు. చెంగులో ఆ పిల్లకి ఊపిరాడినట్టు లేదు, ఆవిడ వేలుని కొరికింది. ముల్లు గుచ్చుకున్నంత. కనకరత్నం రెప్ప వెయ్యలేదు. "కొత్తగా పుట్టింది గదండీ, ఏ మూల నచ్చుతుందో చెప్పలేమండి. తూర్పుగదిలో చల్లగా ఉంటుంది. మీరు మంచం ఎక్కడ వేద్దామనుకున్నారండీ?"

బుల్లిరాజు కాళ్ళకింద నేల చూసుకున్నాడు. గుమ్మం పైకప్పు చూసుకున్నాడు. తర్వాత ఎవరో పిలిచినట్టు వీధివైపు తిరిగి, చెప్పులు వేసుకోకుండా చేత్తో పట్టుకుని గట్టుమీదికి నడిచాడు. ఆ నడక పరుగులోకి ఎక్కడ మారిందో అబ్బులు ఇప్పటికీ చూపిస్తాడు. బావా, పవరుపేటలో అద్దె గదులున్నాయట, వెలుతురుగా ఉంటాయట, నాకవి చాలు అని అక్కణ్ణించే కేకేశాడు.

ఓవర్సీరు లేచి నిలబడి పంచె దులుపుకున్నాడు. బల్లమీదున్న తన కాగితం చూసి, తీసి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు. ఏమీ చెప్పకుండా వెళ్ళిపోతాడేమో అనుకుంది కనకరత్నం. గుమ్మం దగ్గర ఆగాడు.

"విషం లేదు గదమ్మా వీటికి?"

"లేదండి. మీ స్నానాలగదిలో దూరినదానికే ఉందండి."

ఆయన మొహం ఎర్రబడింది. తనిఖీలో విషజంతువులు కనబడలేదని రాసేస్తానన్నాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, తాబేళ్ళు పెంచడం కష్టమా అని మెల్లగా అడిగాడు. కష్టం కాదండీ, ఒకదానితో ఆగడమే కష్టం అంది కనకరత్నం.

మూడో ఉప్పుపడవ లాకు దాటగానే పెద్దింటయ్య చక్రం వదిలి పరుగెత్తుకొచ్చాడు. ఓవర్సీరు ఎదురుపడినా చూడలేదు. గచ్చుమీద కర్ర పడి ఉంది. జాడీలోకి వంగి చూశాడు. పదకొండు మెరుపుతీగలు గడ్డిలో పొర్లుతున్నాయి. ఆయన జాడీ అంచు పట్టుకుని గొంతుక్కూర్చున్నాడు. కళ్ళనీళ్ళు ఆపుకోలేదు, తుడుచుకోలేదు. మూడేళ్ళ తర్వాత, మాలచ్చి సంతానం.

ఆ తర్వాత లెక్కపెట్టాడు. మళ్ళీ లెక్కపెట్టాడు.

"పదకొండేనే," అన్నాడు. "ఒకటి పోయిందా?"

కనకరత్నం గుప్పిట విప్పింది, చెంగు విప్పింది. పన్నెండోది ఆవిడ మణికట్టుకి గాజులా చుట్టుకుని, తలెత్తి నాలిక చాపింది. పెద్దింటయ్య ఆ పిల్లని చూశాడు. దాన్ని పట్టుకున్న చేతిని ఇంకా ఎక్కువసేపు చూశాడు.

ఆయన అందుకోబోతే ఆవిడ చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఉండనివ్వండి, ఇప్పుడే కుదురుకుంది," అంది. "ముందు ఇనాయతుల్లాగారికి కబురు పెట్టండి, మాలచ్చినీ వాళ్ళందర్నీ ఇవాళే తెచ్చుకోవాలి. కప్పపిల్లలెక్కడ దొరుకుతాయో చూడండి. ఊక ఇంకో బస్తా కావాలి."

ఆయన బుద్ధిగా బయల్దేరాడు. గుమ్మం దాటుతుంటే ఆవిడ మళ్ళీ పిలిచింది.

"ఏవండీ, వచ్చేటప్పుడు బజార్లో ఓ జాడీ కూడా కొనుక్కురండి. వచ్చే ఏడు ఆవకాయ దాంట్లో పెడతాను. ఇది మన మాలచ్చిది."